పద్నాలుగేళ్ల బాబు, అర్ధరాత్రి దాకా గేమ్. ఇది వ్యసనమేనా?

ప్రశ్న (ఒక అమ్మ):
మొన్న రాత్రి పదకొండింటికి ఆపమని మూడుసార్లు చెప్పి, విసిగిపోయి వైఫై తీసేశాను. మావాడు హెడ్‌ఫోన్స్ విసిరికొట్టి "ఏం చేశావో నీకు తెలుసా అమ్మా!" అని అరిచాడు. నామీద గొంతెత్తడం అదే మొదటిసారి. తర్వాత గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చాడు. అరుపు కన్నా ఆ ఏడుపుకే నేను బెదిరిపోయాను. ఆడేది తుపాకులతో కాల్చుకునే ఆట, ఐదుగురు ఒక జట్టు. మార్కులు కాస్త తగ్గాయి, బడి మాత్రం మానడు. ఇలాంటి ఆటలు పిల్లల్ని మొండివాళ్లను, కోపిష్టివాళ్లను చేస్తాయంటారు కదా. కంప్యూటర్ తీసేయమంటారా?

జవాబు 1:
తీసేయండి. మావాడు నాలుగు రోజులు మాట్లాడలేదు, ఐదోరోజు మామూలైపోయాడు.

జవాబు 2:
నేను ఈ వయసు పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తానండీ. తొందరపడి వ్యసనమని పేరు పెట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో "గేమింగ్ డిజార్డర్" ఉంది, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అందులో రోజుకు ఇన్ని గంటలని లెక్కేమీ లేదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం కళ్లకు కనబడుతున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాదిపాటు సాగితేనే ఆ మాట వాడతారు. ఒక్క రాత్రి ఏడుపు దానికి సరిపోదు.

హింస సంగతికొస్తే, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో 14, 15 ఏళ్ల బ్రిటిష్ పిల్లల మీద చేసిన అధ్యయనంలో హింసాత్మక ఆటలకూ దూకుడు ప్రవర్తనకూ సంబంధం కనబడలేదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మాత్రం దురుసుతనం కొద్దిగా పెరగవచ్చంటూనే, నిజమైన హింసకు ఈ ఆటలే కారణమనడానికి తగిన ఆధారం లేదని 2020లో చెప్పింది. నేనైతే ముందు నిద్ర గురించి అడుగుతాను. అర్ధరాత్రి పడుకుని పొద్దున్నే లేచే పిల్లాడికి చిరాకు, మతిమరుపు రావడానికి ఇంకో కారణం వెతకక్కర్లేదు. ఇంకోటి, ఆటలోనే అమ్మే, లోపల ఏముందో తెలియని పెట్టెల్ని డబ్బుపెట్టి కొంటున్నాడేమో చూడండి. ఈసారి వస్తుందేమో, వచ్చేసారి వస్తుందేమో అనే ఆశే జూదంలోనూ మనిషిని కట్టిపడేసేది. అలాంటివి జూదం కిందికే వస్తాయని బెల్జియం 2018లోనే తేల్చింది.

జవాబు 3:
అక్కా, నాకిప్పుడు ఇరవై మూడు. మీ బాబు ఎందుకు ఏడ్చాడో నాకర్థమైంది. మ్యాచ్ మధ్యలో ఒకడు మాయమైతే మిగతా నలుగురూ దాదాపు ఓడిపోయినట్టే. మర్నాడు వాళ్లకు మొహం చూపించాలి. మీకది వైఫై, వాడికది ఇచ్చిన మాట.

అలాగని ఆటను వెనకేసుకు రావట్లేదు. పదహారేళ్లప్పుడు నేను కొత్త బడిలో చేరాను. అక్కడ ఎవరూ పలకరించేవాళ్లు కాదు, ఆటలో మాత్రం నాకోసం ఎదురుచూసేవాళ్లు. అది నన్ను నిలబెట్టింది. అందువల్లే క్లాసులో పక్కవాడితో మాట్లాడే కష్టాన్ని రెండేళ్లు వాయిదా వేశాను. ఆ రెండేళ్ల లోటు ఇప్పటికీ తెలుస్తూనే ఉంది. తీసేసేముందు ఒకసారి పక్కన కూర్చుని, వాడు ఎవరితో ఆడుతున్నాడో చూడండక్కా.

ప్రశ్న అడిగిన అమ్మ:
నాలుగు రోజులుగా పక్కనే కూర్చుంటున్నాను. మొదటిరోజు ముడుచుకుపోయాడు, రెండోరోజు నుంచి వాడే వివరించడం మొదలుపెట్టాడు. పెట్టెలేవీ కొనలేదట. వైఫై తీసినందుకు సారీ చెప్పాను. పది దాటాక కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదు, మొదలైనదాన్ని నేను ఆపకూడదు అని ఒప్పందం చేసుకున్నాం. నిన్న తొమ్మిదీ యాభైకి మొదలుపెట్టింది పదిన్నర దాకా సాగింది. ఊరుకోవడం కష్టమే అయింది, ఊరుకున్నాను.

ఇప్పుడు ఇంకో దిగులు పట్టుకుంది. జట్టులో ముగ్గురు వాడి క్లాసువాళ్లే. నాలుగో అతన్ని వీడు ఎప్పుడూ చూడలేదట. గొంతు వింటే బాగా పెద్దవాడిలా ఉన్నాడు. వీడు ఇప్పుడిప్పుడే నాతో మాట్లాడుతున్నాడు. మళ్లీ ముడుచుకుపోకుండా ఈ సంగతి ఎలా కదపాలి?