అప్‌డేట్: ప్లాస్మాలో 391.2843 పీక్ సంగతి తేలింది

ఎలుకల రక్తపు ప్లాస్మా నమూనాలన్నిటిలో, మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువులను అయాన్లుగా మార్చి ద్రవ్యరాశిని కొలిచే పరికరం) పాజిటివ్ మోడ్‌లో, అంటే ధనావేశ అయాన్లను చూసేటప్పుడు, 391.2843 ద్రవ్యరాశి దగ్గర వస్తున్న పెద్ద పీక్ పిత్తామ్లమేనా అని పోయిన నెల అడిగాను. కాదు, అది డీఈహెచ్‌పీ; ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్.

ప్లాస్మా లేకుండా మిగతా దశలన్నీ చేసి బ్లాంక్ నడపమన్నవారికి కృతజ్ఞతలు. అందులోనూ కాలమ్ (నమూనాలోని పదార్థాలను వేరుచేసే గొట్టం) నుంచి అదే నిమిషానికి అదే పీక్! దాన్ని విడగొడితే 149.0233 ముక్క నిటారుగా నిలబడింది. థాలేట్ల ఆనవాలు అదే.

నమూనాలను ఆరబెట్టే నైట్రోజన్ లైన్‌కు ఎవరో తగిలించిన పీవీసీ గొట్టం దీనికి మూలం. టెఫ్లాన్ గొట్టం పెట్టాక పీక్ దాదాపు మాయమైంది. కాలమ్ మార్చడం, మళ్లీ కాలిబ్రేషన్ చేయడం వృథా ప్రయాస; పాపం, కాలమ్‌ను మూడు రోజులు తిట్టుకున్నాను.

నేను అనుకున్న పిత్తామ్లం, అంటే డీఆక్సీకోలిక్ ఆమ్లం, 391.2854 దగ్గర కనిపించేది నెగటివ్ మోడ్‌లో (ఋణావేశ అయాన్లను చూసేటప్పుడు). మోడ్ చూడకుండా డేటాబేస్‌లో వెతికింది నేనే.