పాపను అమ్మమ్మ దగ్గరే ఉంచాలా, తెచ్చేసుకోవాలా?

బలగ అమ్మ:
అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం, బలగ వైపు అద్దెకుంటాం. మా ఆయనకు పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ, నేను ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. బాబుకు నాలుగేళ్ళు, ఎల్‌కేజీ. పాపకు ఏడాదిన్నర దాటింది. పాప పుట్టిన మూడో నెలలోనే స్కూలువాళ్ళు "వస్తారా, వేరేవాళ్ళను చూసుకోమంటారా" అన్నారు, ఆ మూడు నెలలు కూడా జీతం లేదు, స్థలం కొన్న లోను ఒకటి నడుస్తోంది, అత్తగారికి మోకాళ్ళు పనిచెయ్యవు, ఇంకేం చేస్తాం, పాపను సోంపేట దగ్గర మా ఊళ్ళో అమ్మ దగ్గర ఉంచాం. వీలైన ప్రతి ఆదివారం వెళ్తాం, ఆయనకు డ్యూటీ పడితే నేనూ బాబూ వెళ్తాం.

పాప మొదటి అడుగులు వీడియో కాల్లో చూశాను. అదీ పూర్తిగా కాదు. మంచం కోడు పట్టుకుని లేచి చెయ్యి వదిలింది, అంతలో సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది, మళ్ళీ కదిలేసరికి కింద కూర్చుని చప్పట్లు కొడుతోంది. అవతల మా నాన్న "చూశావా, చూశావా" అని ఒకటే అరుపు. చూశాను నాన్నా అన్నాను.

ఇప్పుడు గొడవ ఏంటంటే, మేం వెళ్తే పాప అమ్మమ్మ కుచ్చిళ్ళ వెనక దాక్కుంటోంది. బిస్కెట్ ఇస్తే తీసుకుంటుంది, ఎత్తుకుంటే ఏడుస్తుంది. నేనేమో ఇప్పుడే తెచ్చేసుకుందాం అంటాను. మా ఆయన మూడేళ్ళు నిండనీ, నర్సరీలో వెయ్యొచ్చు, అప్పటిదాకా కదపొద్దు అంటారు. రోజూ ఇదే వాదన. మీరైతే ఏం చేస్తారు?

ఉద్దానం కుర్రాడు:
అక్కా, దీనికి ఇంత టెన్షన్ ఎందుకు? మా వీధిలో చూడండి, తల్లీతండ్రీ చెన్నైలోనో హైదరాబాదులోనో పనిలో ఉంటారు, గుంటలు ముసలాళ్ళ దగ్గర ఉంటారు. సంక్రాంతికి వస్తారు, మళ్ళీ బండెక్కుతారు. వాళ్ళెవరూ చెడిపోలేదు, చదువుకుంటున్నారు, ఉద్యోగాలు తెచ్చుకుంటున్నారు. మీ పాపకు అక్కడ పెరడుంది, కొబ్బరి తోటుంది, పనస తొనలున్నాయి, పిలిస్తే పలికే పదిమంది ఉన్నారు. బలగ తెస్తే ఏముంటుంది, రెండు గదుల పోర్షను, తలుపు గొళ్ళెం, ఫోన్లో కార్టూన్లు. బావగారు చెప్పిందే కరెక్టు.

రాజాం కోడలు:
తమ్ముడూ, నీకు పెళ్ళయిందా? పిల్లలున్నారా? ముందు అది చెప్పు.

చెన్నైలో శ్లాబు పనికి వెళ్ళేవాళ్ళు పిల్లల్ని వదిలి వెళ్తున్నారంటే గతిలేక. ఇసుక కుప్పల మధ్య పెంచలేక. ఈవిడది ఆ పరిస్థితి కాదు, సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది. ఇద్దర్నీ ఒకే గాటన కట్టకు. బలగ అమ్మా, నేనైతే తెచ్చేసుకోమనే అంటాను. పగలు ఎవరు చూసినా సరే, రాత్రి పక్కలో పడుకోబెట్టుకునేది ఎవరు, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసేది ఎవరు, పిల్లకు అదే గుర్తుంటుంది. ఇంకో మాట, మీ బాబు సంగతి ఎవరూ మాట్లాడట్లేదేం? వాడికి చెల్లెలంటే ఆదివారం చూసొచ్చే బొమ్మ. మూడేళ్ళప్పుడు తెస్తే వాడికి ఐదున్నర వస్తుంది, అప్పటికి ఇంట్లో తనొక్కడే అని వాడు పూర్తిగా అలవాటుపడిపోతాడు. మా ఇంట్లో చిన్నదాన్ని మా అత్తగారి దగ్గర్నుంచి తెచ్చినప్పుడు పెద్దోడు "ఇది ఎప్పుడు వెళ్తుంది" అని రోజూ అడిగేవాడు.

గంటస్తంభం:
మాది విజయనగరం. ఎమోషన్ పక్కన పెట్టి లెక్క చూసుకోండి. ప్రైవేటు టీచర్ జీతం ఎంతో అందరికీ తెలుసు. ఆయాను పెట్టుకుంటే అందులో సగం పైనే పోతుంది. పాలూ డైపర్లూ కలిపితే మిగిలేదేమీ ఉండదు. దానికన్నా మేడమ్ రెండేళ్ళు మానేసి ఇంట్లో ఉంటే ఇద్దరు పిల్లలకూ న్యాయం జరుగుతుంది.

రాజాం కోడలు:
ఆయా జీతం ఎప్పుడూ తల్లి జీతంలోంచే ఎందుకు కోస్తారండీ? పిల్ల ఇద్దరిదీ కదా. ఆయన జీతంలోంచి సగం, ఈవిడ జీతంలోంచి సగం తీసి చూడండి, లెక్క వేరేగా కనిపిస్తుంది. రెండేళ్ళు మానేస్తే మళ్ళీ చేరేటప్పుడు కొత్తవాళ్ళకిచ్చే జీతమే ఇస్తారు, అది మీ లెక్కలో లేదు.

గంటస్తంభం:
నేను అన్నది అది కాదు. సరే, మీ ఇష్టం.

చట్టం తెలిసినవాడు:
లెక్కలు సరే, మూడు నెలలు జీతం లేకుండా అన్న దగ్గరే నాకు మండింది. ప్రసూతి ప్రయోజనాల చట్టం 2017లో సవరించారు. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతంతో సెలవు, మూడో బిడ్డ నుంచి 12 వారాలు. కాన్పుకు ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి, అంతే. అదే సవరణలో ఇంకోటుంది, 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకునే వీలుండాలి. ఏసీ హాలు, స్మార్ట్ బోర్డు అని ఫ్లెక్సీలు కట్టే స్కూళ్ళు సొంత టీచర్ల పిల్లలకు ఒక గది ఇవ్వలేవా?

నాగావళి గట్టు:
చట్టం చదివి వినిపిస్తే ఉద్యోగం ఉంటుందా సార్? నేనూ ప్రైవేటే. అడిగినవాళ్ళ పేరు వచ్చే ఏడు టైంటేబుల్లో ఉండదు. ప్రభుత్వంలో ఉన్నవాళ్ళకు వేరే కథ. మా ఆడపడుచు సచివాలయంలో చేస్తుంది, రాష్ట్ర ఉద్యోగినులకు పిల్లల సంరక్షణ సెలవు సర్వీసు మొత్తంలో 180 రోజులు, ముక్కలు ముక్కలుగా వాడుకుంటోంది. కేంద్రంలో వాళ్ళకైతే 730 రోజులట. మనకేమో పిల్లకు విరేచనాలైనా "సబ్‌స్టిట్యూట్ని మీరే చూసుకోండి" అంటారు.

ఆశా అక్క:
నేను ఆశా వర్కర్ని, మాది నరసన్నపేట వైపు. తేవాలా వద్దా మీ ఇంటి సంగతి, నేను చెప్పను. కదిపితే మాత్రం కొన్ని చూసుకోమ్మా. పాపది ఏడాదిన్నర అంటున్నావు కదా, 16 నెలల నుంచి 24 నెలల లోపు మీజిల్స్ రుబెల్లా రెండో డోసు, డీపీటీ బూస్టరు, పోలియో బూస్టరు పడాలి, విటమిన్ ఎ రెండో డోసు కూడా ఈ వయసులోనే. ఊరు మారే గొడవలో ఇవే తప్పిపోతాయి. అమ్మమ్మ వేయించిందేమో అని నువ్వూ, అమ్మాయి వేయిస్తుందిలే అని అమ్మమ్మా. టీకాల కార్డు బీరువాలో ఉండిపోతుంది, పిల్ల బలగ వచ్చేస్తుంది. ముందు ఆ కార్డు ఫోటో తీసి ఫోన్లో పెట్టుకో. కార్డు ఉంటే ఏ ఊళ్ళోనైనా ఉచితంగానే వేస్తారు. అంగన్‌వాడీలో కూడా అక్కడ పేరు తీయించి ఇక్కడ రాయించుకో, మూడేళ్ళ లోపు పిల్లలకు సరుకు ఇంటికే ఇస్తారు, బరువూ చూస్తారు.

ఇక దాక్కోవడం అంటావా, ఈ వయసు పిల్లలు రోజూ చూడనివాళ్ళ దగ్గర అలాగే చేస్తారు. నిన్ను మరిచిపోయిందని కుమిలిపోకు. పాప అసలు మాటలు ఎన్ని పలుకుతోంది? అత్త, తాత, పాలు, ఇలా కొన్నయినా వస్తుండాలి ఈపాటికి. పిలిస్తే తిరిగి చూస్తోందా? అది చెప్పు.

బలగ అమ్మ:
తిరిగి చూస్తుందక్కా. తాతను "తాతా" అంటుంది, కుక్కను కూడా "తాతా" అంటుంది. మా అమ్మను "అమ్మా" అంటుంది. నన్ను ఏమీ అనదు.

చెన్నైలో టెక్కలి:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకున్నాను. నేను అలా పెరిగినవాణ్ణే. మా అమ్మానాన్న నా చిన్నప్పుడే బిల్డింగ్ పనులకు చెన్నై వచ్చేశారు, నన్ను మా నానమ్మ పెంచింది. ఉద్దానం తమ్ముడు అన్నట్టు నేను చెడిపోలేదు, డిగ్రీ చదివాను, ఇప్పుడు ఇక్కడే ఉద్యోగం. మా అమ్మ మీద కోపం కూడా లేదు. ఆవిడ పంపిన డబ్బుతోనే చదివాను, అది మర్చిపోతే కళ్ళు పోతాయి. కానీ ఏడో తరగతిలో నన్ను ఇక్కడికి తెచ్చుకున్నప్పుడు మొదటి వారం మా అమ్మ ఫోన్ చేసి నానమ్మను అడుగుతోంది, "వీడు పెరుగన్నంలోకి ఏం నంజుకుంటాడు?" అని. నేను పక్క గదిలోనే ఉన్నాను. నన్ను అడగొచ్చు కదా. ఆవిడకు మొహమాటం. నాకూ మొహమాటమే, చారు కావాలని అడగడానికి. ఆ మొహమాటం పోవడానికి చాలా ఏళ్ళు పట్టింది, పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పలేను. మీరు వారం వారం వెళ్తున్నారు కాబట్టి మీకు అంత దూరం రాదు. అయినా అడిగారు కాబట్టి చెప్తున్నాను, వీలుంటే తెచ్చుకోండి.

ఉద్దానం కుర్రాడు:
అన్నా, మీరు చెప్పింది ఏడో తరగతి. ఈ పాపను మూడేళ్ళకే తెస్తానంటున్నారు. రెండిటికీ తేడా లేదా?

చెన్నైలో టెక్కలి:
ఉంది. నన్ను కూడా ముందు బడిలో వేసే వయసొస్తే తెస్తామనే అన్నారట.

కవిటి మామ్మ:
మా మనవడు ఫోన్లో నోటితో చెప్తే రాసేది పెట్టాడు, తప్పులుంటే ఏటనుకోకండి. ఇంతమంది రాశారు, అమ్మమ్మను ఎవరైనా అడిగారా? నేను ఇద్దరు మనవల్ని పెంచాను. మా అమ్మాయిది హైదరాబాదు. పెంచమంటే పెంచాం, ఇష్టమే, ఇల్లు కళకళలాడుతుంది. కానీ జీడిపిక్కల రోజుల్లో తోటకు వెళ్ళాలా, పిల్లను చూడాలా? కూలివాళ్ళను పెట్టి, తోట గట్టు మీద పిల్లను చంకనేసుకుని నిలబడ్డాను ఎండలో. నడుం పట్టేస్తే అమ్మాయికి చెప్పలేదు, చెప్తే ఉద్యోగం మానేస్తానంటుందని. పిల్ల పడితే మనసులో ఒకటే భయం, సొంత పిల్లలు పడితే అంత భయం లేదు. పడిందని ఫోన్లో ఎలా చెప్పాలి అని. చివరికి ఒకరోజు వచ్చి తీసుకెళ్ళిపోయారు, మంచిదే, వాళ్ళ పిల్ల. కానీ సామానంతా ఒక్క పూటలో సర్దేశారు. పొద్దున్న ఉన్న పిల్ల మధ్యాహ్నానికి లేదు. నెల రోజులు ఇద్దరికి సరిపడా బియ్యం పొయ్యి మీద పెట్టేసి తర్వాత తీసేదాన్ని. తీసుకెళ్ళమ్మా నీ పిల్లను, ఎవరూ కాదనరు. తీసుకెళ్ళే పద్ధతి ఒకటుంటుంది.

రాజాం కోడలు:
మామ్మగారూ, మీరు మాట్లాడాక నాకింక ఏం చెప్పాలో తెలియట్లేదు. దణ్ణం.

ఆశా అక్క:
మామ్మ చెప్పిందే నేనూ చెప్దామనుకున్నాను. అమ్మమ్మతో కలిపి తీసుకురండి. కొన్నాళ్ళు ఆవిడ ఇక్కడే ఉండాలి. స్నానం, అన్నం ముందు అమ్మమ్మ చేస్తుంటే నువ్వు పక్కన కూర్చో, తర్వాత నువ్వు చేస్తుంటే ఆవిడ పక్కన కూర్చుంటుంది, ఆ తర్వాత ఆవిడ బయటికి వెళ్ళి వస్తుంది. పాప కప్పుకునే పాత చీర ముక్క ఏదైనా ఉంటే ఉతక్కుండా తెచ్చుకోండి. నిద్రపోతున్నప్పుడు ఎత్తుకొచ్చేసే పని మాత్రం వద్దు, కొందరు అలా చేస్తారు, లేచి చూసి పిల్ల హడలిపోతుంది.

గంటస్తంభం:
అమ్మమ్మ వచ్చేస్తే అక్కడ తాతగారికి వంట ఎవరు చేస్తారు? ఇదీ చూసుకోవాలి.

నాగావళి గట్టు:
తాతగారికి చేతులు లేవా అండీ?

బలగ అమ్మ:
😄 మా నాన్న అన్నం వండుకోగలరు, కూర పక్కింటి పిన్ని ఇస్తుంది.

మామ్మగారూ, మీ పోస్టు మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకోబోతున్నారు, లేచి కూర్చున్నారు. నిజానికి అమ్మను ముందే అడిగాను, "నాకు బరువని చెప్పానేటి" అని కోప్పడింది, ఇంకేం మాట్లాడలేదు. నిన్న మళ్ళీ ఫోన్ చేసి తెస్తావా ఉంచుతావా అని కాకుండా, వేసవి సెలవుల్లో నువ్వు పాపతో వచ్చి ఉంటావా అని అడిగాను. కాసేపు ఆగి "ఎన్నాళ్ళు" అంది. స్కూలు తెరిచేదాకా అన్నాను. అలాగైతే అరసవల్లిలో పాప పుట్టు వెంట్రుకలు కూడా తీయించేద్దాం, మొక్కు అలాగే ఉండిపోయింది అంది. అంటే వస్తానన్నట్టే.

మా ఆయన ఇంకా మూడేళ్ళ మాట వదల్లేదు. సెలవులయ్యాక పాప ఇక్కడ ఇమడకపోతే అమ్మతో తిరిగి పంపేయాలి అంటున్నారు. చూడాలి. టీకా సంగతి కూడా అడిగాను, డీపీటీ బూస్టరు ఇంకా పడలేదు, బుధవారం వేయిస్తానంది.

జూన్ నుంచి పగలు చూసుకునే మనిషి కావాలి. మా ఆయనకు నైటు ఉన్న వారం ఆయన పగలు పడుకోవాలి, ఆ ఇంట్లోనే పాప ఆడాలి, అదొక్కటే నాకు భయంగా ఉంది. బలగ, డే అండ్ నైట్ జంక్షన్ చుట్టుపక్కల ఎవరైనా ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఆంటీ తెలిస్తే చెప్పండి. ఉదయం ఎనిమిదిన్నర నుంచి నాలుగున్నర దాకా.

నాగావళి గట్టు:
మా వీధిలో ఒకావిడ ఉన్నారు, ముగ్గురు పిల్లల్ని చూస్తారు. మా వాడు రెండేళ్ళు అక్కడే పెరిగాడు. కాకపోతే ఆవిడ ఇంట్లో టీవీ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది, అది మీకు పర్వాలేదంటే రేపు సాయంత్రం కనుక్కుని రాస్తాను. ఒక్కసారి మీరే వెళ్ళి, చెప్పకుండా, మధ్యాహ్నం పూట చూడండి.