వనభోజనాల రాత్రి కారు నుంచి కరెంటు: ఎంతవరకు నమ్మవచ్చు?

అంబాజీపేట వాసి

కార్తీక మాసంలో మా బంధువులమందరం అంతర్వేది దగ్గర ఒక కొబ్బరితోటలో వనభోజనాలు పెట్టుకొని, ఆ రాత్రి అక్కడే గుడారాలు వేసుకొని ఉండి, తెల్లవారుజామున సంగమ స్నానం చేసి రావాలనుకుంటున్నాము. తోటలో కరెంటు లేదు. మా దగ్గర చిన్న పెట్రోలు కారు ఉంది. అమ్మగారికి ఉబ్బసం ఉన్నందువల్ల రాత్రిపూట రెండుసార్లు నెబ్యులైజరు పెట్టవలసి ఉంటుంది, దోమల వల్ల ఫ్యాను ఆగకూడదు, దీపాలూ ఫోన్లూ సరేసరి. పచ్చడి అక్కడే అప్పటికప్పుడు చేద్దామని మా వదినగారు మిక్సీ కూడా తెమ్మంటున్నారు. లైటరు సాకెట్‌కు పెట్టుకొనే ఇన్వర్టరు ఒకటి కొంటే ఇవన్నీ నడుస్తాయా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

భీమవరం వైరింగు

మిక్సీ సంగతి ముందు తేల్చేద్దామండీ. 750 వాట్ల మిక్సీ తిరగాలంటే, ఇన్వర్టరులో పోయే నష్టంతో కలిపి, 12 వోల్టుల బ్యాటరీ నుంచి 70 ఆంపియర్లకు పైగా లాగవలసి వస్తుంది. లైటరు సాకెట్‌కు ఉండే ఫ్యూజు చాలా కార్లలో 10 నుంచి 20 ఆంపియర్లది మాత్రమే. ఫ్యూజు పోతున్నదని అంతకన్న పెద్దది వేస్తే, ఫ్యూజుకు బదులు డాష్‌బోర్డు వెనుక ఉన్న సన్నని వైరు కాలుతుంది కనుక ఆ పని ఎవరు చెప్పినా చేయకండి. ఆ సాకెట్ మీద 100 వాట్లు దాటనీయకపోవడమే క్షేమం. కెటిల్, రైస్ కుక్కరు, ఇస్త్రీపెట్టె, మిక్సీ వంటి వేడి పుట్టించేవీ రుబ్బేవీ కారుకు తగిలించే వస్తువులు కావు. పచ్చడి ఇంటి దగ్గరే చేసి తెచ్చుకోమని మీ వదినగారికి చెప్పండి.

మిగిలినవాటి లెక్క చూద్దాం. బ్యాటరీతో నేరుగా నడిచే 15 వాట్ల డీసీ ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 120 వాట్-అవర్లు, 10 వాట్ల ఎల్‌ఈడీ దీపం ఐదు గంటలకు 50, నాలుగు ఫోన్లకు సుమారు 60. కంప్రెసరు నెబ్యులైజరు 150 వాట్లదనుకొని పావుగంట చొప్పున రెండుసార్లు పెడితే, ఇన్వర్టరు నష్టం కలుపుకొని దాదాపు 90. మొత్తం 320 అయింది. మీ కారు బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లదైతే కాగితం మీద 420 వాట్-అవర్లు కనిపిస్తాయి. కానీ అది ఇంజను లేపడానికి కొన్ని క్షణాలపాటు పెద్ద కరెంటు ఇచ్చేలా పలుచని సీసపు ప్లేట్లతో చేసిన బ్యాటరీ కాబట్టి, అందులో మూడో వంతు, అంటే 140కి మించి వాడడం నా దృష్టిలో తగదు. తరచుగా లోతుకంటా దించితే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది. వోల్టుమీటరు తగిలించి ఉంచండి: ఏ లోడూ లేకుండా కాసేపు ఉన్న బ్యాటరీ నిండుగా ఉంటే 12.6, సగానికి వస్తే 12.2 చూపిస్తుంది. 12.3కు రాగానే అన్నీ ఆపివేయడం మంచిది.

రాజోలు రైతు

లెక్క చాలకపోతే మధ్యమధ్యలో ఇంజను వేసి ఉంచవచ్చునని చాలామంది సలహా ఇస్తారు. ఆ సలహా వినవద్దని నా మనవి. కారు కదలకుండా ఇంజను మాత్రమే నడిచే ఐడ్లింగులో, బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు తన పూర్తి సామర్థ్యం ఇవ్వదు, కాబట్టి పెట్రోలు కాలినంతగా బ్యాటరీ నిండదు. అంతకన్న ముఖ్యమైనది పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్న మనిషికి దాని జాడ తెలియదు. మన తీరంలో పగలు సముద్రం మీది నుంచి వీచే గాలి రాత్రి పొద్దుపోయాక నేల మీది నుంచి సముద్రం వైపు తిరుగుతుంది గనుక, సాయంత్రం పొగ అటు పోతున్నదని చూసి కారు నిలిపినా, నడిరాత్రికి అదే పొగ గుడారం వైపు మళ్లవచ్చు. ఏసీ వేసుకొని పిల్లలను కారులో పడుకోబెట్టడం కూడా ఇంతే ప్రమాదం, ముఖ్యంగా సైలెన్సరు గొట్టం ఇసుకలో కూరుకొని ఉన్నప్పుడు.

అంబాజీపేట వాసి

ఇద్దరికీ ధన్యవాదాలండీ. మిక్సీ మానేశాము. నెబ్యులైజరు ఒక్కటి మాత్రం ఏ కారణం చేతనూ ఆగకూడదు. దానికి ఏది నమ్మకమైన దారి?

యానాం తీరం

కారు బ్యాటరీని ముట్టుకోకుండా విడిగా ఒక లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టుకోవడమే నమ్మకమైన దారి. 12.8 వోల్టుల 50 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 640 వాట్-అవర్లు ఉంటాయి, అందులో ఎనభై శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు. ఒక్క రాత్రికైతే ముందురోజు ఇంట్లోనే దాని ఛార్జరుతో నింపుకొని బయలుదేరండి. దారిలో ఆల్టర్నేటరు నుంచి నింపాలనుకొనేవారు మధ్యలో వోల్టేజీని సరిచేసి ఇచ్చే డీసీ-డీసీ ఛార్జరు పెట్టించాలి, ఎందుకంటే కొత్త కార్లలో చాలావాటిలో ఆల్టర్నేటరు వోల్టేజీని కంప్యూటరు తన అవసరాన్ని బట్టి తగ్గిస్తూ ఉంటుంది. పగలు ఎండలో తలుపులు మూసిన కారు డిక్కీలో ఈ బ్యాటరీని వదలకండి.

ఇన్వర్టరు ప్యూర్ సైన్ వేవ్‌దే, అంటే ఇంటి కరెంటులాగే సాఫీగా ఇచ్చేదే తీసుకోండి. చవక రకాల మీద నెబ్యులైజరు మోటారు గురగురలాడుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. 300 వాట్లది చాలు కానీ, దానిని సాకెట్‌కు కాకుండా నేరుగా బ్యాటరీకి బిగించి, ప్లస్ టెర్మినల్‌కు ఆనుకొనే ఫ్యూజు పెట్టండి. నెబ్యులైజరు పని అయిపోగానే ఇన్వర్టరు ఆపివేయాలి: ఏ లోడూ లేకపోయినా అది 10 వాట్లు తింటే రాత్రంతటికీ 80 వాట్-అవర్లు ఊరికే పోయినట్టే. ఫ్యాను, దీపం డీసీవే కొని బ్యాటరీ నుంచే నడపండి. బ్యాటరీతో నడిచే మెష్ నెబ్యులైజరుకు కొద్ది వాట్లు చాలు, అయితే అమ్మగారు వాడే మందు అందులో పోయవచ్చునో లేదో వైద్యులను అడగండి. ఏ యంత్రమైనా మొరాయించవచ్చు కనుక, వైద్యులు చెప్పిన ఇన్‌హేలరు ఆవిడ తలగడ పక్కనే ఉండాలి.

వైరు విషయంలో పొదుపు చేయకండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఐదు మీటర్లు లాగి 8 ఆంపియర్లు పంపితే, రానూపోనూ కలిపి దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంది. 12 వోల్టులలో అది చిన్న నష్టం కాదు. బ్యాటరీ, ఇన్వర్టరు దగ్గరగా ఉంచి, 230 వోల్టుల వైపునే పొడుగు తీగ వేసుకోవాలి. అయితే ఆ 230 వోల్టులు ఇంట్లో కరెంటంత ప్రమాదకరమైనవే. పైగా చిన్న ఇన్వర్టర్లలో అవుట్‌పుట్‌కు భూమితో సంబంధం ఉండదు కనుక, కరెంటు లీకైతే సరఫరా ఆపి ఇంట్లో ప్రాణం కాపాడే ఆర్‌సీసీబీ స్విచ్చు ఇక్కడ పడకపోవచ్చు. ఎక్స్‌టెన్షన్ బోర్డును తడి ఇసుక మీద కాకుండా బల్ల మీద ఉంచండి, స్నానం చేసి వచ్చిన తడి చేతులతో ఎవరూ తాకకుండా చూడండి.

ఉప్పుగాలి సంగతి తీరం వాళ్లకు చెప్పనక్కరలేదు. ఇన్వర్టరు లోపలి ఫ్యాను ఆ తేమనంతా సర్క్యూటు మీదికి లాగుతుంది, టెర్మినళ్ల మీద పచ్చని చిలుము పడుతుంది. బిగించిన తరువాత పైన పలుచగా వ్యాజలైను రాయండి, ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి పెట్టండి.

కాకినాడ ఈవీ

బంధువులలో ఎవరికైనా విద్యుత్ కారు ఉంటే చాలా చిక్కులు తీరిపోతాయి. 2023లో మార్పులతో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీ కొన్ని రకాలలో కారు నుంచి బయటి పరికరాలకు 3.3 కేవీఏ (సుమారు మూడు వేల వాట్లు) వరకు ఇచ్చే సౌకర్యం ఉంది, దానికి మిక్సీ కూడా బరువు కాదు. తిరుగు ప్రయాణానికి కావలసిన ఛార్జి ఎంతో ముందే లెక్కవేసుకొని, అంతకన్న కిందికి దిగకుండా చూసుకోవాలి.

నరసాపురం ప్రయాణికుడు

మేము సఖినేటిపల్లి పంటు (వాహనాలను గోదావరి దాటించే పడవ) మీద దాటి మినీబస్సులో వస్తాము. ఈ ఇన్వర్టరు మా బస్సుకు పనికివస్తుందా?

భీమవరం వైరింగు

ముందు మల్టీమీటరుతో కొలవండి. లారీలలోనూ చాలా బస్సులలోనూ రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు, అక్కడ 12 వోల్టుల ఇన్వర్టరు తగిలిస్తే కాలిపోతుంది. రెండింటిలో ఒక్క బ్యాటరీకి తగిలిద్దామనే ఆలోచన కూడా వద్దు: ఆ ఒక్కటే దిగిపోతుంది, తరువాత బస్సు నడుస్తున్నప్పుడు రెండోది అవసరానికి మించి ఛార్జి అయి పాడవుతుంది. 24 నుంచి 12కు తగ్గించే కన్వర్టరు పెట్టించండి, లేదా 24 వోల్టుల ఇన్వర్టరే కొనండి.