1919 స్లైగో ఎన్నిక: నెల కిందట ఊడ్చేసిన షిన్ ఫేన్‌కి 24లో 7 సీట్లేనా?

రాత్రిడ్యూటీ:
ఐర్లండ్‌లో ఉంటున్నాను. ఇక్కడ స్థానిక ఎన్నికల్లో ఓటేయడానికి పౌరసత్వం అక్కర్లేదు, ఇక్కడ నివాసముంటే చాలు. అలా 2024 జూన్‌లో పేర్ల పక్కన 1, 2, 3 అని రాసే బ్యాలెట్ మొదటిసారి చేతికొచ్చింది. ఈ పద్ధతి ఎక్కడ మొదలైందా అని చదువుతుంటే స్లైగో పట్టణం తగిలింది.

నాకు అర్థం కానిది ఇదీ. 1918 డిసెంబరు బ్రిటిష్ పార్లమెంటు ఎన్నికల్లో, బ్రిటన్ నుంచి విడిపోవాలనే పార్టీ షిన్ ఫేన్‌కి ఐర్లండ్‌లోని 105 సీట్లలో 73 వచ్చాయి. స్లైగో కౌంటీలోని రెండూ వాళ్లవే. 1919 జనవరి 15న స్లైగో కార్పొరేషన్ ఎన్నిక జరిగితే 24లో 7 వచ్చాయి. పన్ను చెల్లింపుదారుల సంఘానికి 8, లేబర్‌కి 5, ఇండిపెండెంట్లకి 4. ఒక్క నెలలో జనం అంతలా తిరగబడ్డారా, లేక ఇదంతా నంబర్ల గారడీనా?

గారవోగ్‌గట్టు:
జనం తిరగబడలేదండి. ముందు ఆ 73ని విడదీసి చూడండి. అందులో 25 చోట్ల పోటీయే లేదు, ఏకగ్రీవం. పోటీ జరిగిన చోట్ల దేశం మొత్తం మీద షిన్ ఫేన్‌కి పడ్డవి 47 శాతం ఓట్లు. ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే సీటు వాళ్లదే అనే పాత పద్ధతి మిగతా పని చేసిపెట్టింది.

స్లైగోలో గొడవంతా అప్పుల గురించి. కార్పొరేషన్ పీకల్దాకా అప్పుల్లో ఉంది. ఆదాయం పెంచుకోవాలంటే ఆస్తి పన్ను పెంచాలి, దానికి లండన్ పార్లమెంటు నుంచి ప్రత్యేక చట్టం తెచ్చుకోవాలి. ఊళ్లో బరువైన పన్నులు కట్టే వ్యాపారుల్లో చాలామంది ప్రొటెస్టెంట్లు, యూనియనిస్టులు (బ్రిటన్‌తోనే కలిసి ఉండాలనేవాళ్లు). పాత పద్ధతిలో వాళ్లకి కౌన్సిల్లో కుర్చీ దక్కడం కష్టం. పన్ను కట్టేది మేము, ఖర్చుపెట్టేది మీరా అన్నదే వాళ్ల బాధ. చివరికి కుదిరిన బేరం ఇది: పన్ను పెంపుకి మేం అడ్డురాం, మీరు దామాషా పద్ధతికి (ఓట్ల నిష్పత్తిలో సీట్లు, ఆ 1, 2, 3 బ్యాలెట్ ఇదే) ఒప్పుకోండి. అలా వచ్చింది 1918 స్లైగో కార్పొరేషన్ చట్టం. ప్రజాస్వామ్య ఆదర్శాల కోసమే తెచ్చారని రాసేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఖజానా ఖాళీ అయింది కాబట్టి తెచ్చారు.

పన్ను చెల్లింపుదారుల సంఘాన్ని ఉత్త యూనియనిస్టుల ముసుగు అనుకోకండి. క్యాథలిక్ వ్యాపారులు కూడా అందులో ఉన్నారు.

ఇక నంబర్ల సంగతి. ఊరంతా కలిపి మూడు వార్డులు, వార్డుకి 8 సీట్లు. ఉదాహరణకి ఒక వార్డులో 1800 ఓట్లు పోలయ్యాయనుకోండి (అసలు లెక్క కాదు, సులువు కోసం). సీట్లకి ఒకటి కలిపి, 9తో భాగిస్తే 200. దానికి ఒకటి కలిపితే కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఓట్లు, 201. అంటే వార్డులో తొమ్మిదో వంతు జనం ఒక్క మాట మీద ఉంటే వాళ్ల మనిషి కౌన్సిల్లో కూర్చున్నట్టే. ఒకాయనకి 261 వచ్చాయనుకోండి, మిగులు 60. ఆయన కాయితాలన్నీ తీసి 2 ఎవరికి వేశారో విడదీస్తారు. 174 మంది ఒకరికి, 87 మంది ఇంకొకరికి వేసి ఉంటే ఆ 60లో 40 మొదటివారికి, 20 రెండోవారికి. మిగులు లేనప్పుడు అందరికన్నా కింద ఉన్నవాళ్లని తీసేసి, వాళ్ల కాయితాలు కూడా ఇలాగే పంచుతారు. ఇలాంటి లెక్కలో 24లో 7 అంటే చిత్తుగా ఓడిపోవడం కాదు, ఎవరికీ మెజారిటీ రాలేదంతే.

సందేహాల్రావు:
బాగుంది గానీ, షిన్ ఫేన్‌కి ముక్కుతాడు వేయడానికి బ్రిటిష్‌వాళ్లు పన్నిన ఎత్తు కాదంటారా?

గారవోగ్‌గట్టు:
స్లైగో వరకు కాదు రావుగారూ, అది ఊళ్లోవాళ్లు తెచ్చుకున్నదే. ఆ తర్వాతది మాత్రం ఎత్తే. స్లైగో ఫలితం చూసి ప్రభుత్వానికి ప్రాణం లేచొచ్చింది. అదే 1919లో చట్టం చేసి ఐర్లండ్‌లోని స్థానిక సంస్థలన్నిటికీ ఈ పద్ధతే పెట్టేశారు. షిన్ ఫేన్ కాదనలేకపోయింది, ఎందుకంటే 1911లో దామాషా ఎన్నికల సంఘం పెట్టినవాళ్లలో వాళ్ల నాయకుడు ఆర్థర్ గ్రిఫిత్ ఒకరు!

ఎత్తు పారిందా అంటే సగం సగం. 1920 జనవరి పట్టణ ఎన్నికల్లో షిన్ ఫేన్ అన్నిచోట్లా ఊడ్చేయలేదు, కానీ చాలా కౌన్సిళ్లు వాళ్లకో, వాళ్లూ మిత్రులూ కలిసో దక్కాయి. కార్క్‌లో టొమాస్ మెక్‌కర్టెన్ లార్డ్ మేయర్ అయ్యారు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 20న, ఆయన్ని ఇంట్లోనే కాల్చి చంపారు. అసలు తమాషా ఉత్తరాన ఉన్న డెర్రీలో జరిగింది. యూనియనిస్టుల కోట అది. అక్కడ 40లో 21 సీట్లు నేషనలిస్టులకీ (ఐర్లండ్‌కి స్వపాలన కోరేవాళ్లు) షిన్ ఫేన్‌కీ కలిపి వచ్చి, హ్యూ ఓ'డోహర్టీ అనే క్యాథలిక్ మేయర్ పీఠమెక్కారు. యూనియనిస్టుల చేతిలో ఉన్న ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వం 1922లోనే స్థానిక ఎన్నికల్లో ఈ పద్ధతి ఎత్తేసింది. ఎందుకో వేరే చెప్పాలా?

రాత్రిడ్యూటీ:
చాలా థ్యాంక్సండీ, ఇప్పుడు స్పష్టంగా ఉంది. ఒక్క డౌట్. బ్యాలెట్‌లో ఉన్న పేర్లన్నిటికీ నంబర్లు రాయాలా? నేను మూడుతో ఆపేశాను, అప్పట్నుంచీ టెన్షన్.

గారవోగ్‌గట్టు:
అక్కర్లేదు, 1 ఒక్కటే వేసినా ఓటు చెల్లుతుంది. కాకపోతే మీరు నంబర్లు వేసిన ముగ్గురూ గెలిచిపోయో, లెక్కింపులో పోటీ నుంచి పోయో ఉంటే మీ కాయితం ఇంకెవరికీ వెళ్లదు, పక్కన పెట్టేస్తారు. చివరి సీటు దగ్గర నలుగురైదుగురు అభ్యర్థులు కొద్ది ఓట్ల తేడాతో కొట్టుకునేటప్పుడు 7, 8 కూడా పనికొస్తాయి. ఈసారి ఇంకాస్త కిందిదాకా రాయండి.