సమస్యాపూరణం: తుప్పు పట్టిన బండియె గొప్ప యయ్యె

నిర్వాహకుడు, తిరుపతి:
ఈ వారం సమస్య తేటగీతి నాలుగో పాదం. పాత క్యాంపర్ వ్యాను (పడకలు, వంటగట్టు పెట్టుకుని ప్రయాణించే బండి) బాగుచేయించుకోవడమా, కొత్త మోటార్‌హోమ్ కొనడమా అన్న తర్కం పూరణలో పలకాలి. తుప్పు–గొప్ప ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలవడం) పాదంలోనే ఉంది. ఛందస్సుతో పాటు విషయాన్నీ తూచుతాం, టింకరింగ్ షెడ్డులో చదివినా తప్పు దొరక్కూడదు.

చంద్రగిరి సభ్యుడు:
పైకి రేకులు చెడినను లోపలున్న
చట్ర మించుక కదలక సరిగ నిలిచె;
నూనె నింజను తాగదు; నురుగు లేదు;
తుప్పు పట్టిన బండియె గొప్ప యయ్యె.

నిర్వాహకుడు:
మంచి పూరణ. మొదటి పాదంలో యతి తప్పింది. పై–లో కుదరవు, ప్రాసయతి అనుకున్నా కి–ప కలవవు. "పైన రేకులు చెడినను లోన నున్న" అంటే నకార ప్రాసయతి సరిపోతుంది. రెండో పాదంలో చ–స మైత్రి చెల్లుతుంది. మూడో పాదం నాకు బాగా నచ్చింది.

పుత్తూరు సభ్యురాలు:
పద్యం సరే అన్నా, చట్రం సరిగా నిలిచిందని తేల్చేదెట్లా? ఆ పరీక్ష చెప్పకుంటే పూరణ సగమే. బండిని షెడ్డులోని తనిఖీ గుంట మీద నిలిపి, చట్రం (చాసిస్) పట్టీల పొడవునా చిన్న సుత్తితో తట్టుకుంటూ పోవాలి. గట్టి ఇనుము కంగుమంటుంది, తిన్న ఇనుము డొప్పలా బొదబొదమంటుంది. అనుమానం వచ్చిన చోట పాత స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. పొరలు రాలి లోపల గట్టి లోహం తగిలితే అది పైతుప్పు. మొన దిగబడితే ఆ భాగం పోయినట్టే. అన్నిటికంటే ముందు చూడాల్సింది వెనక కమాన్లను (పట్టీ స్ప్రింగులను) మోసే హ్యాంగర్లు చాసిస్‌ను పట్టుకునే చోటు. రోడ్డు మీది బురద అక్కడ చేరి నెలల తరబడి తడి పట్టి ఉంచుతుంది, బరువంతా పడేదీ అక్కడే. అక్కడ పట్టీకి చిల్లు పడినా, అడ్డంగా చీలిక కనిపించినా ఆ బండికి రేకు పని మీద రూపాయి పెట్టొద్దు. తలుపుల కింది అంచు, చక్రాల గూళ్లు, నేల రేకు ఎంత చెడినా కోసి అతకొచ్చు. తుప్పు ఎంతుందని కాదు, ఎక్కడుందని అడగాలి.

ఇక "నురుగు లేదు" అన్నది. ఆయిల్ మూత లోపల మజ్జిగలాంటి పూత ఉన్నంత మాత్రాన హెడ్ గాస్కెట్ (ఇంజను తలకూ దిమ్మెకూ మధ్య ఉండే సీలు) పోయిందనుకోకండి, దగ్గర దూరాలే తిరిగే బండికి చెమ్మ వల్లా వస్తుంది. డిప్‌స్టిక్ మీద కూడా అదే తెలుపు ఉండి, రేడియేటర్ నీళ్లు తగ్గుతూ, బుడగలు వస్తుంటే అప్పుడు గాస్కెటే. కంప్రెషన్ (సిలిండర్లలో గాలి నొక్కుడు ఒత్తిడి) కూడా కొలిపించండి. సిలిండర్ల మధ్య తేడా ఎక్కువగా ఉండకూడదు.

చిత్తూరు సభ్యుడు:
నీరు, బ్యాటరీ, గ్యాసుతో నిండినంత
కొత్త యింటిబండికి మోయు కొలత తరిగె;
పాతదైనను తక్కువ బరువుతోడ
తుప్పు పట్టిన బండియె గొప్ప యయ్యె.

నిర్వాహకుడు:
యతులు అన్నీ సరి. "యింటిబండి" అందమైన మాట, మోటార్‌హోమ్‌కు ఇకపై ఇదే వాడదాం.

పుత్తూరు సభ్యురాలు:
లెక్క కూడా సరే. ఉదాహరణకు అనుమతించిన మొత్తం బరువు 3,500 కిలోలు, ఖాళీ బరువు 3,050 అయితే మిగిలేది 450. నలుగురు మనుషులకు 280, వంద లీటర్ల నీళ్లకు 100 పోతే చేతిలో ఉండేది 70 కిలోలు. పరుపులు, పాత్రలు, గ్యాసు, గుడ్డలు అన్నీ అందులోనే. కొనేటప్పుడు ఎన్ని పడకలని కాక, ఎంత మోస్తుందని అడగాలి. అయితే మూడో పాదంతో నాకు పేచీ ఉంది. పాత వ్యానులో మందం ప్లైవుడ్ బీరువాలు బిగిస్తే దాని తేలికతనమూ పోతుంది. ఇంట్లో ఇన్వర్టరుకు వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒక్కటే 50 కిలోలు దాటుతుంది. పని పూర్తయ్యాక కాటాకు తీసుకుపోయి ముందు చక్రాల బరువు, వెనక చక్రాల బరువు విడివిడిగా తూయించండి.

పలమనేరు సభ్యుడు:
పుట్టి మెత్తి పై రంగును పూసి యమ్ము
వాని మాటలు నమ్మిన వారి కెల్ల
వాన కురియునందాకనే వన్నె చూపి
తుప్పు పట్టిన బండియె గొప్ప యయ్యె.

నిర్వాహకుడు:
సమస్యను తిప్పికొట్టారు! "గొప్ప"ను మోసపోయినవారి కళ్లలో పెట్టడం పూరణకు అసలైన మెలిక. ఈ వారం నా ఓటు దీనికే.

చంద్రగిరి సభ్యుడు:
పుట్టీ కనిపెట్టడం తేలిక. పలచటి అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి రేకు మీద జరపండి, పుట్టీ మందంగా ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. అతుకు వేయించేటప్పుడు తుప్పు మీదే వెల్డింగ్ పెట్టనివ్వకండి, మెరిసే ఇనుము వచ్చేదాకా కోయించాలి. నేల రేకుకు 18 గేజ్ మందం చాలు. వెల్డింగ్ అయినాక జింక్ ప్రైమరు, అతుకుల్లో సీలరు, మూసుకుపోయిన గుల్లల్లో మైనం స్ప్రే. ఈ చివరిది వదిలేస్తే లోపలి వైపు నుంచి మళ్లీ మొదలవుతుంది. కప్పు అతుకులకు సిలికాన్ పూయకండి, దాని మీద రంగు నిలవదు. పాలీయురెథేన్ సీలెంటు వాడండి.

రేణిగుంట సభ్యురాలు:
కొండ దిగువేళ గేరుల గూర్చి నడుప
బ్రేకు నూనెను మార్చిన బెదురు లేదు;
మలుపు మలుపున కొదిగెడి మట్టసమున
తుప్పు పట్టిన బండియె గొప్ప యయ్యె.

నిర్వాహకుడు:
"మట్టసమున" (పొందికగా) అన్న మాట విని చాన్నాళ్లయింది తల్లీ. ఛందస్సులో దోషం లేదు.

పుత్తూరు సభ్యురాలు:
తిరుమల నుంచి దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు, కాబట్టి ఈ పద్యం మనకు బాగా తగులుతుంది. డాట్ 4 రకం బ్రేకు నూనె కొత్తగా ఉన్నప్పుడు మరిగేది 230 డిగ్రీల దగ్గర. గాలిలో చెమ్మ పీల్చుకుని పాతబడితే ఆ హద్దు 155కు దిగుతుంది. మలుపు మలుపుకూ బ్రేకు నొక్కుతూ వస్తే ఆ వేడికి నూనె మరిగి ఆవిరవుతుంది, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. ఎక్కిన గేరులోనే దిగాలి, ఇంజను ఆపి జారనివ్వకూడదు, ఆపితే బ్రేకుకు బలమిచ్చే బూస్టరుకు వ్యాక్యూమ్ అందదు. టైరు అరగకపోయినా పక్కన ముద్రించిన నాలుగంకెలు చూడండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది.

చిత్తూరు సభ్యుడు:
ఒక సందేహం. బాగుచేయించిన వ్యానులో పడకలు, వంటగట్టు పెడితే కాగితాల్లో ఇబ్బంది రాదా?

నిర్వాహకుడు:
వస్తుంది. బాడీ మారితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ముందుగా ఆర్టీఓ అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించుకోవాలి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు తీరిపోతుంది, తర్వాత తనిఖీ చేయించి 5 ఏళ్ల చొప్పున పొడిగించుకోవాలి. తనిఖీలో చాసిస్ నంబరు చదవగలిగేట్టు ఉండాలి. అందుకే తుప్పు గీకేవాళ్లను ఆ నంబరు దగ్గర గ్రైండరు పెట్టనివ్వకండి. వైరు బ్రష్‌తో చేత్తో తుడిపించి, గ్రీజు పూయించి ఉంచండి.