మూడు నెలల జర్మనీ పరిశోధన గ్రాంటు: ఆహ్వాన లేఖ ఎలా అడగాలి?

నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే, మా ఊరి పేరుతోనే ప్రసిద్ధమైన ‘నల్లగొండ పద్ధతి’లో శుద్ధి చేసిన తర్వాత నీటిలో మిగిలిపోయే అల్యూమినియంపై పీహెచ్‌డీ చేశాను. ఫ్లోరైడు నీళ్లకు వంగిపోయిన నడుములను చిన్ననాటి నుంచి చూసినవాణ్ణి కనుక, ఈ పనిని ఇక్కడితో ఆపాలని లేదు.

అధ్యాపకులకు ఒకటి నుంచి మూడు నెలల వరకు జర్మనీలో పరిశోధనకు అవకాశమిచ్చే డీఏఏడీ (జర్మన్ విద్యా మార్పిడి సంస్థ) గ్రాంటుకు దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. అందుకు అక్కడి ఆచార్యుల ఆహ్వాన లేఖ కావాలి. నిరుడు రాసిన నాలుగు ఉత్తరాలకూ జవాబు రాలేదు. పరిచయం లేనివారికి మొదటి ఉత్తరంలోనే పూర్తి పరిశోధన ప్రణాళికను జతచేయాలా, ఒక పేజీ సారాంశం సరిపోతుందా? ఒకేసారి ఇద్దరు ముగ్గురిని అడగడం మర్యాదేనా? వెళ్లివచ్చిన అధ్యాపకులు దయచేసి తెలియజేయగలరు.