ప్రమాణంలో ఉన్న సెలెక్టర్ పాత ఐఫోన్‌లో ఎందుకు పనిచేయదు?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు): నేనుండే పీజీ హాస్టల్‌కు దరఖాస్తు పేజీ రాసిచ్చాను. "భోజనం కావాలి" గడిలో టిక్ పెడితే శాకాహారం, మాంసాహారం ఎంపికలు కనిపించాలి. జావాస్క్రిప్ట్ లేకుండా, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌లోని హ్యాజ్ సెలెక్టర్‌తో (లోపల ఫలానాది ఉన్న భాగాన్ని ఎంచుకునే :has) చేశాను. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా వస్తోంది. యజమాని గారి ఐఫోన్ 6లో మాత్రం ఎంత నొక్కినా ఎంపికలు రావు. అందులోనే క్రోమ్‌లో తెరిచినా అదే తీరు. ప్రమాణంలో ఉన్నదాన్ని బ్రౌజర్లన్నీ పాటించాలి కదండీ?

జవాబు: పాటించి తీరాలని శాసించే అధికారం ఎవరికీ లేదండీ. సీఎస్‌ఎస్ ప్రమాణాలను డబ్ల్యూ3సీ అనే వెబ్ ప్రమాణాల సంస్థలోని వర్కింగ్ గ్రూపు రాస్తుంది. బ్రౌజర్లు తయారుచేసేవాళ్ళూ అందులో ఉంటారు. ఒకపక్క రాత, మరోపక్క తయారీ కలిసే సాగుతాయి. ఈ హ్యాజ్ 2022 మార్చిలో సఫారీ 15.4లో, ఆగస్టులో క్రోమ్ 105లో, 2023 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ 121లో చేరింది. అప్పటికీ అది ఉన్న పత్రం ముసాయిదాయే! కాబట్టి పత్రం ఏ దశలో ఉందో కాదు, ఏ వెర్షన్‌లో చేరిందో చూడండి.

ఐఫోన్ 6 ఐఓఎస్ 12 దగ్గరే ఆగిపోయింది. సఫారీని నడిపే వెబ్‌కిట్ ఇంజన్ ఐఓఎస్‌తోపాటే మారుతుంది, కాబట్టి ఆ ఫోన్‌కు హ్యాజ్ అందలేదు. మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్‌కు కూడా లోపల ఉన్నది ఆ వెబ్‌కిట్ ఇంజనే.

ఎంపికలను మామూలుగా కనిపించేలా ఉంచి, దాచే నియమాన్నీ టిక్ పెడితే చూపే నియమాన్నీ ఎట్ సపోర్ట్స్ (బ్రౌజర్‌కు ఫలానాది తెలిస్తేనే వర్తించే సీఎస్‌ఎస్ షరతు, @supports) లోపల పెట్టండి. హ్యాజ్ తెలియని ఫోన్ ఆ భాగాన్ని వదిలేస్తుంది, ఎంపికలు కనిపిస్తూనే ఉంటాయి. భోజనం అడిగే వీలే లేకుండా పోవడం కంటే రెండు వరుసలు అదనంగా కనిపించడం ఎంతో మేలు.

ప్రశ్న: ఎంపికలు వచ్చాయి, ధన్యవాదాలు. ఫోన్ నంబరు తప్పైతే గడి చుట్టూ రావలసిన ఎర్ర గీత ఆ ఫోన్‌లో ఇంకా రావడం లేదు. దానికి హ్యాజ్ వాడనే లేదు. పేజీ నిర్మాణాన్ని రాసే హెచ్‌టీఎంఎల్ ప్రమాణం కూడా ఇలాగే నడుస్తుందా?

జవాబు: ఆ నియమంలో కామా తర్వాత హ్యాజ్ ఉన్న సెలెక్టర్ ఏదైనా ఉందేమో చూడండి. జాబితాలో ఒక్కటి అర్థం కాకపోయినా బ్రౌజర్ మొత్తం నియమాన్నే పారేస్తుంది.

హెచ్‌టీఎంఎల్‌ను వాట్‌డబ్ల్యూజీ అనే బృందం చూస్తుంది. ఆ బృందాన్ని యాపిల్, మొజిల్లా, ఒపెరా వాళ్ళు 2004లో మొదలుపెట్టారు. 2019లో డబ్ల్యూ3సీతో ఒప్పందం కుదిరి ఒకే ప్రతి మిగిలింది. అక్కడ కొత్త అంశం చేరాలంటే కనీసం ఇద్దరు బ్రౌజర్ తయారీదారుల మద్దతు ఉండాలి, దానికి పరీక్షలూ రాయాలి. ఆ పరీక్షలు అన్ని బ్రౌజర్లకూ ఉమ్మడివి. ఎవరు వెనుకబడ్డారో వాటిలోనే తెలిసిపోతుంది.

ప్రశ్న: అవునండీ, కామాతో కలిపే రాశాను. విడదీశాక ఎర్ర గీత వచ్చింది.